న్యూయార్క్ కింద పర్లాకిమిడి

శుభలేఖ మీద మొట్టమొదట ఏముంటుంది? శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. మా మావయ్య ముప్ఫయ్యేళ్ళ కిందట కూర్చిన శుభలేఖని మొన్న వేసవిలో నేను తెరిస్తే మొట్టమొదట డాలరు గుర్తు కనబడింది. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు రెండు, ఒక కామా, సగం బ్రాకెట్టు. పెళ్ళికొడుకు పేరుండాల్సిన చోట పిల్లాడెవడో కీబోర్డు మీద కూర్చున్నట్టుంది. ముహూర్తం దగ్గర అంకెలు మాత్రం అంకెల్లాగే ఉన్నాయి. పెళ్ళి ఎన్ని గంటలకో తెలుస్తోంది, ఎవరికో తెలియడం లేదు.

ఇది వైరస్ పని కాదు. ఫ్లాపీకి బూజు పట్టడం వల్ల వచ్చిందీ కాదు. నేను చేసిన పని. పాత కంప్యూటర్‌ని బాగుచేస్తున్నాననుకుని, దాని సాఫ్ట్‌వేర్‌ని అది మొయ్యగలిగిన ఆఖరి వెర్షన్ దాకా లాక్కెళ్ళాను. ఆ దెబ్బతో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఇదంతా రాస్తున్నది దాని కోసమే. పాత యంత్రానికి భాగాలు ఎన్నయినా కొత్తవి వెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం దాని ఈడుదే ఉండనివ్వండి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. లోపలి పాత హార్డ్ డిస్కుని దేవుడి పటంలా ముట్టుకోరు గానీ, సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ ఎక్కించేదాకా నిద్రపోరు. నేనూ ఆ బాపతే.

యంత్రం పేరు మాకింటాష్ క్లాసిక్. 1990 అక్టోబరులో ఆపిల్ వాళ్ళు 999 డాలర్లు మొదలుకుని అమ్మకానికి పెట్టారు. వెయ్యి డాలర్ల లోపు దొరికిన మొదటి మాకింటాష్ అదే. తెర, ఫ్లాపీ డ్రైవు, హార్డ్ డిస్కు, పవర్ సప్లై అన్నీ ఒకే డబ్బాలో. బరువు ఏడు కిలోల పైచిలుకు. చేత్తో పట్టుకుని పోవడానికి నెత్తి మీద ఒక గుంట. తెర 9 అంగుళాలు, నలుపూ తెలుపే, అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 342. లోపల 8 మెగాహెర్ట్జ్ మీద నడిచే మోటరోలా 68000 చిప్పు. మావయ్యకి దొరికినదానిలో 2 మెగాబైట్ల మెమరీ, 40 మెగాబైట్ల డిస్కు ఉన్నాయి. ఇప్పుడు మన ఫోను తీసే ఒక్క ఫొటో ఆ మెమరీలో పట్టదు.

మావయ్య అప్పట్లో కలకత్తాలో ఒక ప్రకటనల ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ళు రంగుల యంత్రాలు కొనుక్కున్నప్పుడు పాతవి సిబ్బందికే చవగ్గా ఇచ్చేశారు. ఈయన ఒకటి పట్టుకుని, దుప్పట్లో చుట్టి, పలాసలో దిగి, నౌపడ దగ్గర చిన్నరైలు ఎక్కి పర్లాకిమిడి చేరాడు. అప్పటికి తాతయ్య ప్రెస్సు కోట దాటాక ఉన్న వీధిలో నడుస్తూనే ఉంది. పని అంతా శుభలేఖలు, జాతర కరపత్రాలు, దినవారాల కార్డులు. మా ఊరు ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. పిల్లది అక్కడ, పిల్లాడు ఇక్కడ. అందుకని కార్డు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. ఒడియా పక్కకి సీసపు అచ్చులు నిండుగా ఉన్నాయి. తెలుగు అచ్చులు అరిగిపోయి ‘మ’కీ ‘య’కీ తేడా తెలియకుండా అయ్యాయి. కొత్తవి పోయించుకునే స్తోమత లేదు. సరే, ఈ డబ్బాలో తెలుగు రాయిద్దాం అనుకున్నాడు మావయ్య.

అయితే ఆ డబ్బాకి తెలుగు రాదు. యూనికోడ్ మొదటి సంచిక వచ్చిందే 1991 అక్టోబరులో. అందులో తెలుగుకి చోటు ఇచ్చారు గానీ, ఆ సంగతి మా వీధి దాకా రావడానికి ఇంకా పదిపదిహేనేళ్ళు పట్టింది. మావయ్య రాత్రుళ్ళు కూర్చుని ఒక్కో అక్షరం చుక్కచుక్కగా పేర్చాడు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు. తలకట్టుకి ఒక మీట, దీర్ఘానికి ఒకటి, కొమ్ముకి ఒకటి. వత్తులన్నీ ఆప్షన్ మీట పట్టుకుని కొట్టాలి. ‘శ్రీ’ మాత్రం ఒకే అక్షరంగా గీసి డాలరు గుర్తు ఉన్న మీట మీద పెట్టాడు. ఎందుకురా అంటే, “శ్రీ అంటే లక్ష్మి గదా, మరెక్కడుంటాది?” అనేవాడట తాతయ్యతో. పెద్ద సైజులో కాగితం మీద ప్రింటు తీసి, కెమెరాలో సగానికి తగ్గించి, ప్లేటు చేయించేవాడు. దాంతో చుక్కల మెట్లు కంటికి కనబడేవి కావు.

మాకింటాష్ మొదటి ఫాంట్లు సూసన్ కేర్ గీసినవి. వాటికి ఊళ్ళ పేర్లు పెట్టారు: షికాగో, జెనీవా, మొనాకో, న్యూయార్క్. మావయ్య ఆ ఆనవాయితీ తప్పలేదు. తన ఫాంటుకి ‘పర్లాకిమిడి’ అని పెట్టాడు. ఫాంట్ల మెనూ అక్షర క్రమంలో వస్తుంది కాబట్టి సరిగ్గా న్యూయార్క్ కింద పర్లాకిమిడి కూర్చునేది. చిన్నప్పుడు నాకు ఆ మెనూ చూడ్డం ఎంత ఇష్టమో చెప్పలేను. మౌసు నొక్కిపట్టి కిందికి జరుపుతుంటే ఒక్కో ఊరూ నల్లగా వెలిగి పోయేది.

2001 ప్రాంతంలో ప్రెస్సు మూతపడింది. డబ్బా అటక ఎక్కింది. మొన్న వేసవిలో ఆ గది అద్దెకిద్దామని ఖాళీ చేస్తుంటే మళ్ళీ దిగింది, దాంతో పాటు వందకి పైగా ఫ్లాపీలూ దిగాయి.

స్విచ్ వేస్తే తెర మీద చదరంగం గళ్ళు వచ్చాయి. ఈ మోడల్‌కి ఇది తెలిసిన జబ్బే. బోర్డు మీద చిన్న చిన్న రేకు డబ్బీల్లా ఉండే కెపాసిటర్ల లోంచి ఏళ్ళ తరబడి రసం కారి, రాగి గీతల్ని తినేస్తుంది. బ్యాటరీ ఇంకో గండం. సగం పెన్‌టార్చి సెల్లంత ఉండే 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ. అది పగిలి కారితే బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు. మీ ఇంట్లో ఇలాంటి యంత్రం ఉంటే ఇది చదవడం ఆపి, ముందు వెళ్ళి ఆ బ్యాటరీ పీకెయ్యండి. నిజంగానే చెబుతున్నాను. మాదానికి అంచున పచ్చటి పొడి మొదలైంది, అంతే. అదృష్టం.

కంప్యూటర్ రిపేరు కుర్రాళ్ళెవరూ దీన్ని ముట్టుకోలేదు. చివరికి ఒకప్పుడు బ్లాక్ అండ్ వైట్ టీవీలు బాగుచేసి, ఇప్పుడు ఇన్వర్టర్లూ ఫ్యాన్లూ చూస్తున్న మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చూడగానే నవ్వేశాడు.

“ఏటి మాస్టారూ, ఇది కంప్యూటర్ అంటన్నారు. చిన్న టీవీ గదా ఇది!”

నిజమే కదా. వెనక డబ్బా విప్పడానికి నక్షత్రం మొన ఉన్న పొడుగు స్క్రూడ్రైవరు కావాలి. పైన చేతిగుంటలో లోతుగా రెండు మరలుంటాయి. విప్పగానే ఆయన నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నాడు. స్క్రూడ్రైవరు కడ్డీకి వైరు చుట్టి, వైరు రెండో కొస ఇనప చట్రానికి తగిలించి, పిక్చర్ ట్యూబు మీద ఉన్న ఎర్ర వైరు రబ్బరు టోపీ కిందికి మొన మెల్లగా దూర్చాడు. టప్‌మని చిన్న శబ్దం. “ఇది తెలీక చెయ్యి పెట్టీసినోళ్ళు మళ్ళీ ఈ పని చెయ్యరు” అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఆ చేతికి పాత పని గుర్తొచ్చినట్టుంది, ఆ రోజు షాపులో ఇంకెవరి ఇన్వర్టరూ చూడలేదు. కెపాసిటర్లన్నీ తీసి, బోర్డుని స్పిరిట్‌తో కడిగి, కొత్తవి అతికించాడు. సాయంత్రానికి తెర మీద నవ్వుతున్న బుల్లి కంప్యూటర్ బొమ్మ వచ్చింది. షాపు ముందు టీ తాగుతున్నవాళ్ళు కూడా వచ్చి చూశారు.

హార్డ్ డిస్కు మూలుగుతూ తిరిగింది. దాని లోపల రబ్బరు ముక్కలు వయసొచ్చి జిగురైపోతాయనీ, ఇవాళ తిరిగింది రేపు తిరగకపోవచ్చనీ నాకు తెలుసు. గబగబా డాక్యుమెంట్లన్నీ ఫ్లాపీల్లోకి కాపీ చేశాను. ఇదిగో, ఇక్కడ జరిగింది తప్పు. డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేశాను. సిస్టం ఫోల్డర్ (యంత్రాన్ని నడిపే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఉండే చోటు) ఎందుకు, ఎలాగూ కొత్తది పెడుతున్నాం కదా అనుకున్నాను. మర్నాటికి డిస్కు తిరగలేదు. ఇంకెప్పుడూ తిరగలేదు.

దాని స్థానంలో బ్లూస్కజీ అనే చిన్న బోర్డు పెట్టాను. స్కజీ అంటే ఈ యంత్రాలు డిస్కుని తగిలించుకునే పద్ధతి. మెమరీ కార్డుని పాత స్కజీ డిస్కులా కనబడేట్టు చేస్తుంది. మోతా లేదు, వేడీ లేదు. మెమరీ 4 మెగాబైట్లకి పెంచాను. ఈ మోడల్‌కి అంతకు మించి పట్టదు. ఇంతవరకూ చేసినవాటిలో ఒక్కదానికీ నేను బాధపడటం లేదు. కారిపోయే కెపాసిటర్‌నీ, జిగురైపోయే రబ్బరునీ “అసలైనవి” అని కాపాడుకోవడంలో నాకు అర్థం కనబడదు. పాతింటికి కప్పు మారుస్తాం, దూలం పుచ్చితే దూలం మారుస్తాం. ఎవరూ ఏమీ అనరు.

ఆ తర్వాత సిస్టం 7.5.5 ఎక్కించాను. క్లాసిక్ మీద నడిచే ఆఖరి సిస్టం అదే, 1996 నాటిది. ఆపిల్ వాళ్ళే చాలా ఏళ్ళ కిందట 7.5.3ని 19 ముక్కలుగా ఉచితంగా పెట్టారు. దాని మీద 7.5.5 సవరణ ఎక్కించుకోవాలి. ఇదంతా ఒక ఆదివారం పట్టింది. ఎక్కిన రోజు ఎంత గర్వపడ్డానో! సోమవారం నుంచి దిగులు. స్విచ్ వేసి, పళ్ళు తోముకుని వచ్చినా ఇంకా కింద బొమ్మలు ఒక్కొక్కటే పేరుస్తూనే ఉండేది. కిటికీ మూస్తే వెనక తెర బద్దలుబద్దలుగా నిండేది. నాలుగు మెగాబైట్లలో సగానికి పైగా సిస్టమే తినేసి కూర్చుంది. నేను ఒక వేలితో టైపు కొట్టినా అక్షరం వెనక పడుతోంది.

మా ఊరివాళ్ళకి దీన్ని చెప్పడం సులువు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చింది, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. పొలాల మధ్య పోతుంటే పిల్లలు పక్కన పరిగెత్తి అందుకునేవారు. 2004లో దాన్ని ఆపేశారు, బ్రాడ్‌గేజ్ వేశారు, 2011కి గుణుపురం దాకా పెద్ద రైలు తిరిగింది. చిన్నరైలు పోయిందని ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను గానీ, చేసిన పని తప్పని ఎవరంటారు? వాళ్ళు కట్టా పట్టా వంతెనా అన్నీ పీకి ఐదున్నర అడుగుల దారి వేశారు, అప్పుడు పెద్ద ఇంజను తెచ్చారు. రెండున్నర అడుగుల పట్టా అలాగే ఉంచి దాని మీద పెద్ద ఇంజను పెడితే? క్లాసిక్ మీద 7.5.5 అంటే అదే. అది ఆ కంపెనీ అప్పటికే అమ్ముతున్న పెద్ద యంత్రాల్ని కళ్ళ ముందు పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్. పాత యంత్రాలు కొన్నవాళ్ళు తిట్టుకోకుండా “ఇందులోనూ నడుస్తుంది” అని ఒక మాట చేర్చారు, అంతే. నడుస్తుంది అన్న మాటకి, పని జరుగుతుంది అని కాదు అర్థం. ఆ జాబితాలో పేరుంది కదా అని ఎక్కించడం నా బుద్ధి తక్కువ.

అయినా నెమ్మదిని భరించేవాణ్ణే. శుభలేఖ తెరిచి డాలరు గుర్తు చూసేదాకా.

సంగతేమిటంటే, సిస్టం 6 రోజుల్లో ఫాంట్లకి వేరే ఫోల్డర్ లేదు. ‘సిస్టం’ అనే ఒకే ఒక ఫైలు ఉంటుంది, ఫాంట్లు దాని కడుపులో ఉంటాయి. ఫాంట్/డీఏ మూవర్ అనే చిన్న ప్రోగ్రాంతో వాటిని లోపల పెట్టాలి, బయటికి తియ్యాలి. ఫాంట్లకి వేరే ఫోల్డర్ వచ్చింది 1992లో, సిస్టం 7.1తో. అంటే మావయ్య రాత్రుళ్ళు కూర్చుని గీసిన పర్లాకిమిడి ఏ డాక్యుమెంటులోనూ లేదు. నేను “ఎలాగూ మారుస్తాం కదా” అని వదిలేసిన ఆ సిస్టం ఫైలులో ఉంది. ఆ ఫైలు ఉన్న డిస్కు చచ్చిపోయింది.

అప్‌గ్రేడ్ మాట ఎత్తినప్పుడు నేను ముందు చూసుకోనిది ఇదే. కంప్యూటర్లో కంపెనీది ఒకటి, మనది ఒకటి అని ఒక గీత ఉంటుందనీ, మనవి డాక్యుమెంట్లనీ, సిస్టం వాళ్ళదనీ అనుకుంటాం. వాళ్ళది వాళ్ళు మార్చుకుంటే మనకేం నష్టం? కానీ పదేళ్ళు వాడిన మనిషి ఆ గీతకి రెండు పక్కలా కాపురం పెట్టేసి ఉంటాడు. ఏ మీట మీద ఏ అక్షరం, ఏ మెనూలో ఏ ఊరు, అన్నీ సిస్టంలోనే ఉంటాయి. సిస్టం మార్చడమంటే ఇల్లు ఖాళీ చెయ్యడమే. సామాను సర్దుకోకుండా ఖాళీ చేశాన్నేను.

మావయ్యకి డెబ్భై తొమ్మిది. ఆయనకి చెప్పడానికి ధైర్యం చాలక రెండు వారాలు ఫ్లాపీలు వెతుకుతూనే ఉన్నాను. క్లాసిక్‌లో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. కమాండ్, ఆప్షన్, ఎక్స్, ఓ మీటలు నాలుగూ ఒకేసారి నొక్కిపట్టి స్విచ్ వేస్తే డిస్కుతో పనిలేకుండా లోపలి రోమ్ చిప్పులోంచే సిస్టం 6.0.3 లేస్తుంది. దానికోసం వేళ్ళు సాచడం హార్మోనియం మీద స్వరం పట్టినట్టుంటుంది. ఏమైనా దొరుకుతుందేమోనని అదీ చేశాను. లేచింది, చకచకా నడిచింది, ఇదేంటి ఇంత హుషారుగా ఉంది అనిపించింది. ఫాంట్ల మెనూలో న్యూయార్క్ కింద మాత్రం పర్లాకిమిడి లేదు. మెమరీలో తేదీ కూడా పోయి 1904 జనవరి 1 అని చూపిస్తోంది. ఈ యంత్రాలు అక్కణ్ణుంచే సెకన్లు లెక్కపెడతాయి.

1904 అని చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆ ఏడు గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే పాఠాలు చెబుతున్నారు. వాడుక భాష కోసం పోరు ఇంకా మొదలెట్టలేదు. ఈ సంగతి కాలేజీలో చెబితే తోటి లెక్చరరు ఒకాయన అంటించాడు: “గిడుగువారి ఊళ్ళో పుట్టి నువ్వు గ్రాంథిక సాఫ్ట్‌వేర్‌కి వకాల్తా పుచ్చుకున్నావా?” అప్పటికి జవాబు తోచలేదు గానీ, ఇంటికొచ్చాక తోచింది. గిడుగు పాతదాన్ని పాతది అని కాదన్నారా? ఆ భాష మాట్లాడే నోటికి అతకదని కదా అన్నారు. క్లాసిక్ నోటికి అతికే భాష సిస్టం 6. దాని మీద 7.5.5 పెట్టి, అది మాట తడుముకుంటుంటే వెర్షన్ నంబరు చూసి మురిసిపోవడమే అసలైన గ్రాంథికం. (ఆయన ఒప్పుకోలేదు. ఆయన తెలుగు లెక్చరరు, నేను లెక్కలు. మా ఇద్దరి మధ్య ఇలాంటివి మామూలే. 1936లో మా ఊరు ఒడిశాలో కలుస్తుందని తెలిసి గిడుగువారు రాజమండ్రి వెళ్ళిపోయారు గానీ, మేం ఉండిపోయాం కాబట్టి ఆయన మీద మాకే ఎక్కువ హక్కు అన్నదొక్కటే మేమిద్దరం ఒప్పుకునే మాట.)

ఫాంటు ఎక్కడ దొరికిందో చెబితే గాని నా వాదన పూర్తవదు. ఫ్లాపీల్లో ఒకదాని మీద ‘పార్టీలు’ అని రాసి ఉంది. ఖాతాదారుల జాబితా. మావయ్య దాన్ని హైపర్‌కార్డులో చేసుకున్నాడు. బిల్ అట్కిన్సన్ రాసిన ప్రోగ్రాం అది, 1987 నుంచి మాకింటాష్‌తో పాటే వచ్చేది. ఇంట్లో కూర్చుని ఎవరికి కావలసిన చిన్న ప్రోగ్రాంలు వాళ్ళు కార్డుల కట్టలా చేసుకోవచ్చు. దాన్ని తెరిచాను. మొదటి కార్డు మీద, చక్కటి తెలుగులో, ‘శ్రీ’ అని ఉంది.

కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఫాంటు లేని యంత్రంలో తెలుగు ఎలా వచ్చింది? తర్వాత గుర్తొచ్చింది. ఫాంట్/డీఏ మూవర్‌లో ‘ఓపెన్’ నొక్కేటప్పుడు ఆప్షన్ మీట పట్టుకుంటే, అది సిస్టం ఫైలునే కాదు, ఏ ఫైలునైనా తెరుస్తుంది. ఏ ఫైలు కడుపులోనైనా ఫాంటు దాచిపెట్టుకోవచ్చు. మావయ్య ఆ కట్టని పలాసలో ఎవరి యంత్రం మీదో చూపించడానికి పట్టుకెళ్తూ, అక్కడ తన ఫాంటు ఉండదు కదా అని, కట్టలోనే పెట్టేసుకున్నాడు. పెళ్ళికి వెళ్ళేవాడు సొంత చెంబు పట్టుకెళ్ళినట్టు.

అదే ప్రోగ్రాంతో, అదే ఆప్షన్ మీట పట్టుకుని, బయటికి తీశాను. ఆ రాత్రే 7.5.5 చెరిపేసి 6.0.8 ఎక్కించాను. నాలుగు మెగాబైట్లు దానికి చెరువంత. ఆ రోజుల్లో చాలా డాక్యుమెంట్లు ఫాంటుని పేరుతో కాకుండా నంబరుతో గుర్తుపెట్టుకునేవి. ఇంకో ఫాంటు అదే నంబరు తీసుకుంటే మూవరు కొత్త నంబరు ఇచ్చేస్తుంది, డాక్యుమెంటు వేరే ఫాంటులో తెరుచుకుంటుంది. ఆ భయం ఒకటి ఉండింది. అయితే సిస్టంలో ఇంకే ఫాంటూ ఆ నంబరు మీద లేదు. శుభలేఖ తెరిచాను. శ్రీరస్తు. శుభమస్తు.

ఇంక ఎదుటి వాదనలు. మా అబ్బాయి భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి మాట: “నాన్నా, ఇవన్నీ ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తాయి. ఈ డబ్బా ఎందుకు?” నిజమే. ఇన్ఫినిట్ మాక్ అని ఒకటుంది, క్లిక్ చేస్తే సిస్టం 6 క్షణంలో లేస్తుంది. మినీ విమాక్ అనీ, బసిలిస్క్ అనీ కంప్యూటర్లో పెట్టుకునేవీ ఉన్నాయి. నేనూ వాడాను, వాటి మీద నాకు గౌరవమే. కానీ మావయ్య ఫ్లాపీల్లో పాతవన్నీ 800 కిలోబైట్లవి. వాటిలో బయటి వలయాలకి ఒక వేగం, లోపలి వలయాలకి ఒక వేగం. మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు వాటిని చదవలేదు, ఖాళీ డిస్కు అనుకుని ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. నా దగ్గరున్నవాటిలో చదివేది ఈ డబ్బాలో ఉన్న డ్రైవే. బ్రౌజర్‌లో నడపడానికైనా ముందు ఎవరో ఒకరు ఈ డ్రైవు మోటారు గరగరమంటుంటే ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఈ మాట వాడూ ఒప్పుకున్నాడు. తర్వాత వాడే పర్లాకిమిడి ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. క్రావడి దగ్గర మాత్రం మూడు రోజులు తిప్పలు పడ్డాడు. మావయ్య ‘ప్ర’ రాయాలంటే ముందు క్రావడి కొట్టి తర్వాత ‘ప’ కొట్టేవాడు, కంటికి కనబడే వరస అది. యూనికోడ్‌లో నోటికి పలికే వరస: ముందు ప, తర్వాత ర.

సిస్టం 7లో మంచి లేదా అంటే బోలెడుంది. 7.5లో డాస్ ఫ్లాపీలు నేరుగా చదివే ఏర్పాటు ఉంది, ఏ సైజులోనైనా నున్నగా వచ్చే ట్రూటైప్ ఫాంట్లు ఉన్నాయి, ఫైళ్ళకి మారుపేర్లు పెట్టుకోవచ్చు. చూడ్డానికి ఇలాగే ఉండే మాకింటాష్ ఎస్ఈ/30 ఉందనుకోండి, అది 1989 నాటిదైనా అందులో 68030 చిప్పు, 128 మెగాబైట్ల దాకా మెమరీ పడుతుంది. దాని మీద 7.1 పెట్టినా 7.5 పెట్టినా నేను కాదనను. అది బ్రాడ్‌గేజ్. డబ్బా ఆకారం చూసి నిర్ణయించకండి, లోపలి పట్టా కొలిచి నిర్ణయించండి అంటాను. 68000 ఉన్న మాకింటాష్‌లలో ప్లస్, ఎస్ఈ, క్లాసిక్, ఈ మూడిటికీ నా ఓటు 6.0.8కే. డాస్ ఫ్లాపీలు చదవాలంటే దానికీ ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, కొంచెం విసుగు, అంతే.

తేదీ గొడవ ఇంకా తీరలేదు. కొత్త బ్యాటరీ వేశాను గానీ, కంట్రోల్ ప్యానెల్ 2019 దాటి పెట్టుకోనివ్వదు. లోపలి గడియారం 2040 ఫిబ్రవరి దాకా లెక్కపెట్టగలదు, ఈ పైపెట్టె మాత్రం ఒప్పుకోదు. అలాగే వదిలేశాను.

మావయ్యని పిలిచింది అంతా అయ్యాకే. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, తెరకి ముక్కు ఆనించి చూశాడు. ఆయన ఏడుస్తాడేమో అనుకున్నాను. పాత శుభలేఖ ఒకటి తెరిచి, రెండో వరస మీద వేలు పెట్టాడు.

“ఒరే, ‘కల్యాణ’లో ‘ణ’ చూడు. కడుపు లోపలికి పోయింది. అప్పుడే సరిచేద్దారనుకున్నాను, పెళ్ళిళ్ళ సీజన్లో కుదర్లేదు.”

ముప్ఫయ్యేళ్ళుగా ఆ ‘ణ’ ఆయన మనసులో గుచ్చుకుంటోందన్న మాట. ఇది పాత వస్తువు మావయ్యా, ఉన్నదున్నట్టు ఉంచాలి అని చెప్పబోయాను. ఇన్ని పేజీలు వాదించింది అదే కదా. అప్పటికే ఆయన మౌసు మీద చెయ్యి వేసేశాడు. ఫాంటు బొమ్మల్ని దిద్దుకునే రెస్‌ఎడిట్ అనే ప్రోగ్రాం తెరిచి ‘ణ’ని చుక్కచుక్కగా పెద్దది చేసి పెట్టాను. వణుకుతున్న వేలితో ఒక నల్ల చుక్క చెరిపి, పక్కన ఒకటి పెట్టాడు. చాలు అన్నాడు. ఫాంటు మళ్ళీ ఎక్కించాను. డాక్యుమెంట్లలో ఉండేది మీట నంబర్లే, బొమ్మ ఫాంటులో ఉంటుంది. అందుకని ఆ ఒక్క చుక్కతో పాత శుభలేఖలన్నిటిలోనూ ‘కల్యాణ’ సరిగ్గా వచ్చేసింది. ఒక్కొక్కటీ తెరిపించి చూసుకున్నాడు.

చుక్క మార్చకముందే ఫాంటుకి ఇంకో కాపీ తీసి, వంకర ‘ణ’తో సహా, మెమరీ కార్డులో ఓ మూల పెట్టాను. ఆయనకి చెప్పలేదు.